పైకప్పు కూడా ఆటలోనిదే

నేను పనిచేసే క్లబ్‌హౌస్ శామీర్‌పేట దాటాక పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వస్తుంది. విల్లాలు అమ్మేటప్పుడు రంగుల కాగితం మీద ఏమేం బొమ్మలు వేశారో అవన్నీ అక్కడ నిజంగానే కట్టారు. ఈతకొలను, జిమ్ము, బ్యాడ్మింటన్ కోర్టులు, చివర్లో కిటికీలు లేని ఒక ఎత్తైన గది. ఆ గదికి వెనక గోడ మాత్రం మందపాటి అద్దం. అద్దం తలుపు మీద ఇంగ్లిషులో ‘రాకెట్‌బాల్’ అని రాసి ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజు మేనేజరు అన్నీ తిప్పి చూపించాడు గానీ ఆ తలుపు దగ్గర ఆగలేదు.

“ఇదేంది సార్?” అని అడిగాను.

“అది స్టోర్ రూమనుకో అమ్మా. ఎవరూ ఆడరు. ఎట్లా ఆడతారో కూడా ఎవరికీ తెలీదు.”

అద్దంలోంచి చూస్తే లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, వినాయక మండపం ఇనుప పైపులు, బతుకమ్మ నాటి ఫ్లెక్సీ చుట్టలు. వాటి కింద లేత రంగు చెక్క నేల, దాని మీద ఎర్ర గీతలు.

మాది శామీర్‌పేటే. మా బాపు ఊరి చెరువులో చేపలు పడతాడు. నేను డిగ్రీ దాకా బ్యాడ్మింటన్ ఆడాను, జిల్లా జట్టులో ఉన్నాను, తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు చదివాను. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరితే అక్కడ ఆటల పీరియడు ఎప్పుడూ లెక్కల సారుదే. పొద్దున, సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిల్లల్ని బస్సులు ఎక్కించడం నా పని. క్లబ్‌హౌస్‌లో బ్యాడ్మింటన్ నేర్పే ఉద్యోగం దొరికినప్పుడు, మళ్లీ చేతిలోకి రాకెట్ వస్తుందన్న ఒక్క సంతోషంతో వచ్చాను.

ఆమె వచ్చింది ఆ ఏడాది వానాకాలంలో. పొద్దున పిల్లల బ్యాచ్ అయిపోయి నేను నెట్టు సర్దుతుంటే, అద్దం గది దగ్గర ఎవరో గట్టిగా తలుపు కొడుతున్న చప్పుడు. వెళ్లి చూస్తే అరవై దాటిన ఒకావిడ. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, పంజాబీ డ్రెస్సు, కాళ్లకు బూట్లు. చేతిలో ఒక విచిత్రమైన రాకెట్. తల పెద్దది, పిడి చాలా పొట్టి, పిడి చివర ఒక తాడు.

“ఏంది బిడ్డా ఇది? కోర్టా, గోదామా?” అంది నన్ను చూడగానే.

“నాకు తెల్వదు మేడం. నేను చేరినప్పటి సంది గిట్లనే ఉన్నది.”

“మేడం గీడం వద్దు. ఆంటీ అను. తాళం తీపియ్యి.”

ఆమెది మేడ్చల్. చర్చి పక్క వీధిలో పుట్టి, నర్సింగ్ చదివి, చిన్న వయసులోనే గల్ఫ్‌కు వెళ్లింది. అక్కడ ఒక చమురు కంపెనీ ఆసుపత్రిలో పదవీ విరమణ దాకా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. తిరిగి వచ్చాక తమ్ముడి కుటుంబంతో ఉంటోంది. ఆ తమ్ముడు మా విల్లాల్లో ఇల్లు కొన్నాడు. సామాను దించిన మర్నాడే ఈమె క్లబ్‌హౌస్ చూడటానికి వచ్చి, తలుపు మీద ఆ పేరు చదివి, ఇంటికి తిరిగి వెళ్లి పెట్టె అడుగునుంచి రాకెట్ తీసుకుని వచ్చింది.

మేనేజరు రెండు రోజులు నసిగి ఒప్పుకున్నాడు. కుర్చీలూ పైపులూ నేనూ వాచ్‌మెనూ కలిసి షెడ్డులోకి మోశాం. ఆమె చీపురు పట్టి నేల తనే ఊడ్చింది. దుమ్ము పోయాక చెక్క నేల మెరిసింది. ఆమె గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు నాలుగు గోడలకూ తగిలి తిరిగి వచ్చింది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

“ఆడుతవా?” అని అడిగింది.

బ్యాడ్మింటన్ ఆడినదాన్ని, ఇదెంత అనుకున్నాను. ఆమె తన దగ్గరున్న రెండో రాకెట్ ఇచ్చి, తాడు నా మణికట్టుకు తనే బిగించింది. చెమటకు రాకెట్ చేజారితే ఎదుటివాళ్ల మొహం పగులుతుంది, అందుకే తాడు కట్టుకోకుండా ఆడకూడదన్నది ఈ ఆటలో నియమం. తర్వాత దళసరి ప్లాస్టిక్ కళ్లద్దాలు ఇచ్చింది.

“ఇవి లేకుంట లోపలికి రానియ్య. బంతి సక్కగ కంటి గుంతల కూసుంటది. గసొంటోళ్లకు నేనే కట్లు కట్టిన.”

బంతి నీలం రంగుది. బోలు రబ్బరు, టెన్నిస్ బంతి కన్నా కొంచెం చిన్నది. కింద వదిలితే నడుము దాకా లేచింది. నేను అప్పటిదాకా ఈ ఆటా స్క్వాష్ ఒకటే అనుకున్నాను. కాదంది. స్క్వాష్ బంతి చచ్చినట్టుంటుంది, ముందు గోడకు కింద రేకు ఉంటుంది, దానికి తగిలితే తప్పు. ఇక్కడ రేకు లేదు. గోడకు ఎంత కింద తగిలితే అంత మంచిది. స్క్వాష్‌లో పైకప్పుకు తగిలితే ఆట ఆగిపోతుంది.

“ఈడ పైకప్పు గూడ ఆటలోదే. నేల తప్ప ఏ దిక్కుకన్న కొట్టు. నేలకు తగలకుంట ముందు గోడకు చేరాలె, గంతే.”

మొదటి సర్వీసు ఆమెదే. గది మధ్యలో రెండు ఎర్ర గీతల నడుమ నిలబడి, బంతిని ఒకసారి నేలకు కొట్టి, లేచిన దాన్ని ముందు గోడకు బాదింది. గోడకు తగిలి వచ్చిన బంతి ఆమె వెనకున్న గీత దాటాకే నేలకు తగలాలి. అప్పుడు అది నా వంతు. రెండోసారి నేలకు తగిలేలోపు నేను దాన్ని మళ్లీ ముందు గోడకు చేర్చాలి. మాటల్లో ఇంతే. ఆ బంతి నా పక్కనుంచి ఈల వేసినట్టు పోయింది. నేను గాలిని కొట్టాను. వెనక అద్దానికి తగిలిన బంతి నా వీపుకు తగిలింది.

పదిసార్లు అలాగే అయ్యాక ఆమె ఆట ఆపింది.

“ఎందుకు బిడ్డా గంత పరేషాన్ అయితవు? దాటిపోతే పోనియ్యి. వెనక గోడ ఉన్నది గద. అదే తెచ్చిస్తది. నువ్వు జర ఆగి, తిరిగి, మోకాలంత కిందికి రానిచ్చి కొట్టు.”

బ్యాడ్మింటన్‌లో నన్ను దాటిపోయిందంటే పోయినట్టే. పదేళ్లు అదే నా ఒంటికి నేర్పాను. దాటిపోయిన దానికోసం ఆగడం నేర్చుకోవడానికి నాకు ఆ వానాకాలమంతా పట్టింది.

అలా రోజూ పిల్లల బ్యాచ్ తర్వాత ఒక గంట మాదయింది. ఆమె పరుగెత్తేది కాదు. గది నడుమ తన చోటు పట్టుకుని నిలబడేది, నన్ను మాత్రం మూలమూలకూ తిప్పేది. పైకప్పుకు కొట్టిన బంతి ముందు గోడ మీదికి జారి, నేలకు తగిలి, ఎత్తుగా లేచి నన్ను వెనక గోడ దాకా తోసేది. నేను ఎలాగో తిరగ్గొడితే, ఆమె మోకాళ్లు వంచి, ముందు గోడ అడుగున, నేలకు వేలెడు ఎత్తులో కొట్టేది. ఆ బంతి లేవదు. నేల మీద దొర్లుకుంటూ వస్తుంది. దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. సర్వీసు చేసేవాళ్లకే పాయింటు వస్తుంది. ఎదుటివాళ్లు గెలిస్తే సర్వీసు మాత్రం చేతులు మారుతుంది. పదిహేను వస్తే ఒక గేమ్. మొదటి నెలల్లో నాకు సర్వీసు దొరికితేనే పండగ.

ఆట అయ్యాక గోడకు వీపు ఆనించి కూర్చునేవాళ్లం. ఆమె ఫ్లాస్కులోంచి చక్కెర లేని టీ పోసుకుని కబుర్లు చెప్పేది. ఈ ఆట పుట్టుక ఆమె నోటనే విన్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు అమెరికాలో ఒక టెన్నిస్ ఆటగాడు చలికాలంలో ఆడటానికి ఏమీ లేక విసిగిపోయాడట. అక్కడి వ్యాయామశాలల్లో హ్యాండ్‌బాల్ అని అరచేత్తో గోడకు బంతి కొట్టే ఆట కోసం కట్టిన గదులుండేవి. చేతులు వాచిపోతున్నాయి, చెక్క బ్యాటుతో ఆడితే బంతికి వేగం లేదు. అందుకని అతను పొట్టి పిడితో, దారాలు అల్లిన రాకెట్ చేయించి, పిల్లలు ఆడుకునే రబ్బరు బంతితో మొదలుపెట్టాడు. గదులు ముందే ఉన్నాయి కాబట్టి ఆట త్వరగా పాకింది. ఒక దశలో అక్కడ ఊరూరా ఇదే ఆట. ఈ ఆట కోసమే క్లబ్బులు కట్టారు.

“మరి ఇప్పుడో ఆంటీ?”

“ఇప్పుడేమున్నది. మోజు తీరింది. ఇద్దరు ఆడే జాగల ముప్పై మంది ఎక్సర్‌సైజ్ చేస్తరని ఆ గదులల్ల మిషిన్లు పెట్టిన్రు. పుట్టిన కాడనే పోతాంది, ఇగ మన కాడ ఎవలడుగుతరు?”

ఆ మాట ఆమె బాధగా అనలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

గల్ఫ్‌లో ఆమెకు ఈ ఆట నేర్పింది తోటి నర్సులు. కంపెనీ వాళ్ల కాంపౌండులో తెల్లవాళ్ల కోసం కట్టిన కోర్టు ఉండేది. ఆడవాళ్లకు వేరే వేళలు. డ్యూటీ దిగితే బయట నిప్పులు చెరిగే ఎండ, ఒంటరిగా గేటు దాటడానికి లేదు. కేరళ అమ్మాయిలూ ఫిలిప్పీన్స్ అమ్మాయిలూ, వాళ్లతో పాటు ఈమె, ఆ గదిలో దూరేవారు.

“ఆస్పత్రిల మెల్లగ మాట్లాడాలె, మెల్లగ నడవాలె. ఆ గదిలనే నేను నోరు తెరిచి ఒర్రేది. ఎవడన్న సచ్చిపోయిన దినం మస్తు గట్టిగ కొట్టేది బంతిని.”

ఇంట్లో బాపుకు నా కొత్త ఆట అంతుపట్టలేదు. ఒకరోజు వల చిక్కులు తీస్తూ అడిగాడు.

“గా ఆట ఎంతమంది ఆడుతరు బిడ్డా?”

“ఈడనా? ఇద్దరం.”

బాపు నవ్వలేదు. వల పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. “ఇద్దరాడే ఆటకు నౌకరి ఎవడిస్తడు? గా టీచర్ పోస్టులకు సదువుకోరాదు. నా లెక్క కావద్దని గదా నిన్ను సదివిపిచ్చింది” అన్నాడు. ఆ ఏడు చెరువులో చేపలు రెండుసార్లు చచ్చి తెల్లగా తేలాయి. ఏ పోస్టుకూ పనికిరాని ఆటలో నేను రోజురోజుకూ బాగుపడుతున్నానని ఎలా చెప్పను?

బాగుపడిన మాట మాత్రం నిజం. మరుసటి ఎండాకాలానికి ఆమె మీద మొదటి గేమ్ గెలిచాను. ఆమె రాకెట్ కింద పెట్టి నా తల నిమిరింది. “ఇగ నాకు తెలిసింది అయిపోయింది. నీకు వేరేటోళ్లు కావాలె” అంది. వేరేవాళ్లు ఎక్కడున్నారు? విల్లాల్లో ఉచితంగా నేర్పుతామని నోటీసు బోర్డులో పెట్టాం. ఆరేడుగురు పిల్లలు వచ్చారు. బంతి తగిలి తొడల మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి. కళ్లద్దాలతో ఉక్కగా ఉందన్నారు. ఆ చివరి గదిలో ఆడుతుంటే ఎవరూ చూడటం లేదన్నది ఒక అమ్మాయి. అదే సమయంలో బయట టెన్నిస్ కోర్టు మీద కొత్తగా, చిన్న బ్యాట్లతో ప్లాస్టిక్ బంతితో ఆడే పికిల్‌బాల్ గీతలు వేశారు. రెండు వారాలకు మా గదిలో మళ్లీ మేమిద్దరమే మిగిలాం.

వాన మళ్లీ పట్టే రోజుల్లో ఆమె ఎడమవైపు వచ్చే బంతుల్ని వదిలేయడం మొదలుపెట్టింది. నన్ను ఆటపట్టిస్తోందేమో అనుకున్నాను. ఒకరోజు రెండు సర్వీసుల్లో వరసగా గాలినే కొట్టి, కళ్లద్దాలు తీసి, ఒక కన్ను మూసి అద్దం వైపు చూసింది. మళ్లీ రెండో కన్ను మూసి చూసింది.

“ఏమైంది ఆంటీ?”

“నల్లగ సాలెగూడు లెక్క అడ్డమొస్తాంది.” కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, “షుగర్ కండ్లకొచ్చింది” అంది.

“డాక్టర్‌కు సూపిద్దాం. మందులుంటయి గద.”

“ఉంటయి. నాకు తెలుసు ఏముంటయో. ఎంతమందికి నేనే చెప్పిన.”

నిజంగానే ఆమెకు అంతా తెలుసు. కంటి వెనక సన్నటి రక్తనాళాలు చిట్లడం, లేజరు, కంట్లో సూదులు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తమ్ముడికి తీరిక లేనిరోజు నేను వెంట వెళ్లేదాన్ని. డాక్టరు చెప్పడం మొదలుపెట్టగానే మిగతాది ఆమే పూర్తిచేసేది. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కొన్నాళ్లు ఆపుతారు. ఆమెకు అదీ ఆగలేదు. ఇన్నేళ్లు కళ్లద్దాలు లేకుండా ఒక్క బంతి ఆడలేదు ఆమె. ప్రమాదం లోపలినుంచి వచ్చింది.

అప్పుడే ఆమెకు పట్టుదల పుట్టింది. నన్ను పోటీకి తీసుకెళ్లాలని. ఫోన్లు చేసి, ఎవరెవరినో అడిగి, వేరే రాష్ట్రంలో ఒక పట్టణంలో క్లబ్బు వాళ్లు పెడుతున్న పోటీ సంగతి పట్టుకుంది. తమ్ముడు వద్దన్నాడు. “కనబడకుండా అంత దూరం ఎందుకక్కా?” అన్నాడు. ఈమె వినలేదు. రైల్లో ఇద్దరమే వెళ్లాం. దారంతా ఆమె పై బెర్తుకూ కింది బెర్తుకూ మధ్య చెయ్యి ఊపుతూ నాకు సర్వీసులు వివరించింది. ఎదుటి సీటు వాళ్లు వింతగా చూశారు.

ఆడవాళ్ల విభాగంలో మొత్తం ముగ్గురమే. అందరూ అందరితో ఆడాలన్నారు. నేను మొదటి ఆమె మీద గెలిచాను. ఆమె స్క్వాష్ మనిషి, పైకప్పు బంతులకు తట్టుకోలేకపోయింది. రెండో అమ్మాయి చిన్నప్పటినుంచి సొంత క్లబ్బులో ఆడినది. ఆమె సర్వీసు పక్క గోడకు అతుక్కుని వచ్చేది, రాకెట్ పెట్టడానికి సందు ఉండేది కాదు. మొదటి గేమ్ పోయింది. రెండోదాంట్లో పదకొండు దాకా వచ్చాను. ఆ వేళ కాళ్లలో ఏదో తెలియని బలం. గోడ, నేల, కప్పు అన్నీ నావైనట్టే అనిపించింది. నా బతుకులో నేను అంత బాగా ఏ ఆటా ఆడలేదు. ఆ అమ్మాయి గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అద్దం అవతల కుర్చీలో ఆంటీ కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు నా మీద లేదు. నేను నిలబడిన చోటికి కొంచెం పక్కగా, ఖాళీ గోడ వైపు చూస్తోంది.

ఆ గేమ్ పద్నాలుగు దాకా తెచ్చి ఓడిపోయాను.

బయటికి రాగానే ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది.

“చెప్పు. మొదటి నుంచి చెప్పు.”

“ఓడిపోయిన ఆంటీ.”

“అది చప్పట్లు ఇంటే తెలిసింది. ఎట్ల ఓడినవో చెప్పు. ఆఖరి బంతి ఎటు కొట్టింది?”

చెప్పాను. నన్ను వెనక్కి తోసి, ముందు గోడ అడుగున కొట్టిందని, అది దొర్లుకుంటూ వచ్చిందని. ఆమె తల ఊపింది. “మంచి బంతి” అంది. తర్వాత, “నాకు ఒక్కటన్న కనిపిస్తదనుకున్న బిడ్డా” అంది.

సాయంత్రం పోటీ నడిపినాయన టీ ఇప్పించాడు. మంచి మనిషి. ఉద్యోగాల ఆటల కోటాలో దీనికేమైనా చోటుందా అని అడిగితే, దాచకుండా చెప్పాడు. “ఆ ఆశ పెట్టుకోకమ్మా. వచ్చే ఏడు ఈ పోటీ ఉంటుందో లేదో నాకే తెలీదు. కోర్టులు మూతపడుతున్నాయి.”

తిరిగి వచ్చేసరికి మా కోర్టు మీద కూడా మాట నడుస్తోంది. విల్లాల సంఘం సమావేశంలో ఆ గదిని పిల్లల పుట్టినరోజుల హాలుగా మార్చాలని పెట్టారు. ఆంటీ వెళ్తానంది. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వెనక నిలబడ్డాను. ఆమె లేచి, ఈ గది సరైన కొలతలతో కట్టినదని, ఇలాంటిది మళ్లీ కట్టరని, ఇంకొక్క ఏడాది చూడమని అడిగింది. అందరూ మర్యాదగా విన్నారు. ఒకాయన లేచి, “సిస్టర్, మీ మాట మీద గౌరవమే. కానీ మీరిద్దరు తప్ప ఇంకెవరైనా ఆడుతున్నారా?” అని అడిగాడు.

“లేరు” అంది ఆమె.

“మీరు ఇప్పుడు ఆడగలరా?”

ఆమె కుర్చీ తడుముకుని కూర్చుంది. తమ్ముడు తల వంచుకున్నాడు. హాలు కావాలన్నవాళ్లు చేతులెత్తేటప్పుడు ఆయన చెయ్యి కూడా లేచింది. ఆమెకు కనబడలేదు. నేను చెప్పలేదు. ఆయన్ని తప్పుపట్టాలని కూడా నాకు అనిపించలేదు.

పనివాళ్లు వచ్చే ముందు రోజు ఆమె నన్ను ఇంటికి పిలిపించింది. బూట్లు వేసుకుని సిద్ధంగా ఉంది. కోర్టులోకి తీసుకెళ్లమంది. మధ్య గీతల దగ్గర నిలబెట్టి, తాడు మణికట్టుకు బిగించి, కళ్లద్దాలు పెట్టాను.

“చప్పుడు ఇంట. గోడకు తగిలింది ఒకటి, నేలకు తగిలింది ఇంకోటి. గా నడుమల కొడత. నువ్వు మెల్లగ ఎయ్యి.”

మెల్లగా వేశాను. గోడ చప్పుడు, నేల చప్పుడు. ఆమె రాకెట్ తిప్పింది. తగల్లేదు. “మళ్ల ఎయ్యి” అంది. మళ్లీ వేశాను. ఇంకా దగ్గరగా, ఇంకా ఎత్తుగా, చంటిపిల్లకు వేసినట్టు వేశాను. ఆ గదిలో ప్రతి చప్పుడూ ఆరు దిక్కులకూ తగిలి తిరిగి వచ్చేది. ఏది అసలు చప్పుడో, ఏది గోడ తిరిగి పంపినదో ఆమెకు తెలియడం లేదు. ఒకసారి బంతి ఆమె భుజానికి తగిలింది. ఒకసారి రాకెట్ ఆమె మోకాలికే తగిలింది. ఆమె ఒక్క బంతినీ కొట్టలేకపోయింది.

“చాలు ఆంటీ.”

“ఇంకోటి.”

అదీ తప్పిపోయింది. బంతి వెనక అద్దానికి తగిలి, దొర్లి, ఏదో మూల ఆగింది. ఆమె తాడు విప్పుకోవడానికి ప్రయత్నించింది. ముడి చేతికి దొరకలేదు. నేనే విప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

“పోదాం పా. టీ తాగుదాం” అంది.

చెక్క నేల పలకలు పలకలుగా ఊడదీశారు. పైకప్పు కింద ఇంకో కప్పు వేసి ఎత్తు సగానికి తగ్గించారు, ఏసీకి ఖర్చు తగ్గుతుందని. గోడలకు కార్టూన్ బొమ్మలు అంటించారు. ఇప్పుడు శనాదివారాలు అక్కడ కేకులు కోస్తారు. నేను బయట పికిల్‌బాల్ నేర్పుతున్నాను. ఆడేవాళ్లు నిండుగా ఉన్నారు, వాళ్లు నాతో బాగానే ఉంటారు. జవహర్‌నగర్ చెత్తగుట్టల గాలి ఇటు తిరిగిన రోజు మాత్రం అందరూ ముక్కులు మూసుకుని లోపలికి పోతారు. చేతికి చెమట పట్టినప్పుడు నాకు తెలియకుండానే పిడి చివర తాడు కోసం తడుముకుంటాను. పికిల్‌బాల్ బ్యాటుకు అది ఉండదు. కొన్నాళ్లు నేను ముందు పనిచేసిన మేడ్చల్ బడి వెనక గోడకు ఒక్కదాన్నే బంతి కొట్టి చూశాను. ఒక గోడతో ఆ ఆట రాదు. ఉన్న రెండు బంతులూ మెత్తబడి పగిలాయి. కొత్తవి తెప్పించలేదు.

ఆంటీ తమ్ముడు విల్లా అమ్మేసి సిటీలో సుచిత్ర జంక్షన్ దగ్గర అపార్టుమెంటుకు మారాడు. ఆసుపత్రులు దగ్గరని. నేను మొదట్లో ఆదివారాలు వెళ్లేదాన్ని. ఆరో అంతస్తులో ఆమె గది. కింద జంక్షన్ హారన్లు ఆగకుండా వినిపిస్తాయి. ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చునేది.

“ఎవలతోనన్న ఆడుతున్నవా?” అని ప్రతిసారీ అడిగేది.

“లేదు ఆంటీ.”

“ఆ పిల్ల ఫోన్ నంబర్ ఉన్నది గదా, గెలిసిన పిల్లది?”

“ఆమె గూడ ఇడిసిపెట్టిందట. పెండ్లైంది. వాళ్ల క్లబ్బు మూసేసిన్రట.”

ఆమె తల ఊపింది. “ముందుగాల కలల మంచిగ కనిపిస్తుండె. బంతి, గీతలు, అన్ని. ఇప్పుడు కలల గూడ మసకనే ఉంటాంది” అంది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. అరచేతిలో ఉండే కాయలు పోయాయి.

“నువ్వు గూడ ఇడిసిపెట్టు బిడ్డా. గా టీచర్ పోస్టులకు సదువుకో. మీ బాపు సక్కగనే చెప్పిండు.”

“సరే ఆంటీ” అన్నాను. అప్పటికే వదిలిపెట్టానని ఇద్దరికీ తెలుసు. పోస్టులకు మాత్రం చదవడం లేదు.

ఆ తర్వాత నేను వెళ్లడం తగ్గింది. వెళ్తే కూర్చుంటాం. ఆట సంగతి ఎత్తితే ఆమెకు నొప్పి, ఎత్తకపోతే మా మధ్య వేరే సంగతి లేదు. మేం స్నేహితులమా, గురుశిష్యులమా, ఏమీ కామా అని బస్సులో నిలబడి ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఫోన్లోనే మాట్లాడుకుంటున్నాం, అదీ ఎప్పుడో ఒకసారి. షుగరు ఎంతుందని నేను అడుగుతాను, ఆమె అంకె చెబుతుంది. బాపు ఎట్లున్నడని ఆమె అడుగుతుంది, బాగున్నడంటాను. ఆమె వెనక హారన్లు వినిపిస్తుంటాయి, నా వెనక పికిల్‌బాల్ ఆడేవాళ్ల అరుపులు. “సరే బిడ్డా, ఉంట మరి” అని ఆమే ముందు పెట్టేస్తుంది.